విద్యార్థి ఫ్యాషన్ కలెక్షన్: గుడ్డ ఎంపిక, దుస్తుల తయారీ

ఫ్యాషన్ డిజైన్ చదివే విద్యార్థి చివరి సంవత్సరంలో ఒకే ఆలోచన చుట్టూ అల్లి, సొంతంగా రూపొందించి, కుట్టి ప్రదర్శించే దుస్తుల వరసను విద్యార్థి కలెక్షన్ అంటారు. చాలా కళాశాలల్లో ఇందులో నాలుగు నుంచి ఎనిమిది దాకా ‘లుక్‌’లు ఉంటాయి. ఒక లుక్ అంటే ఒక మనిషి ఒంటి మీద పైనుంచి కిందిదాకా అమరిన పూర్తి వేషం. మార్కులు వేసేవారికి ఇది పరీక్ష. ఉద్యోగం ఇచ్చేవారికి పనితనపు నమూనా. విద్యార్థికి మాత్రం తన చేతుల్లోని గుడ్డతో జరిగే మొదటి పెద్ద బేరం.

బొమ్మ గీసి, రంగులద్ది, ఆ తర్వాత దానికి సరిపోయే గుడ్డ కోసం బజారుకు వెళ్లడం కొత్తవారిలో కనిపించే అలవాటు. కాగితం మీది గీతకు బరువుండదు, పన్నా ఉండదు, ఉతికితే అది ముడుచుకోదు. గుడ్డకు ఇవన్నీ ఉంటాయి. గుడ్డను చేతిలో పట్టుకుని, అది ఏం చేయగలదో చూసి, ఆపైన బొమ్మ గీసినవారి కలెక్షన్‌లే సాధారణంగా నిలబడతాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని పరిస్థితిని, అందులోనూ తెలుగు నేల మీది చేనేతను దృష్టిలో పెట్టుకుని గుడ్డ ఎంపికనూ కుట్టుపనినీ పరిశీలిస్తుంది.

నేపథ్యం

విద్యార్థి కలెక్షన్‌కు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు రావడంలో లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాశాలది పెద్ద పాత్ర. 1984లో అక్కడ జాన్ గాలియానో ఫ్రెంచి విప్లవ కాలపు షోకిలాల వేషధారణను ఆధారం చేసుకుని ఒక కలెక్షన్ చేస్తే, బ్రౌన్స్ అనే దుకాణం దాన్ని మొత్తంగా కొనేసింది. 1992లో అలెగ్జాండర్ మెక్వీన్ ఎం.ఏ. కలెక్షన్‌ను ఇసబెల్లా బ్లో అనే ఫ్యాషన్ పాత్రికేయురాలు 5,000 పౌండ్లకు వాయిదాల మీద కొన్నారు. 1993లో హుసేన్ చలాయన్ పట్టు దుస్తులను ఇనుప రజనుతో సహా మట్టిలో పాతిపెట్టి, కొంతకాలానికి తవ్వి తీసి ప్రదర్శించాడు.

మెక్వీన్ కలెక్షన్ గురించి చెప్పేవారు లోపలి పొరలో పొదిగిన మనుషుల జుట్టును గుర్తుచేసుకుంటారు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. కళాశాలలో చేరకముందే అతను లండన్‌లో కోట్ల కుట్టుకు పేరుపడ్డ శావిల్ రో దర్జీ దుకాణాల్లో పని నేర్చుకున్నాడు. ఆ కలెక్షన్‌లో ముళ్ల నమూనా ముద్రించిన గులాబీరంగు పట్టు కోటు భుజాల దగ్గర అంత పదునుగా నిలబడటానికి కారణం ఊహాశక్తి ఒక్కటే కాదు, అక్కడ అలవడిన కత్తెర. చలాయన్ చేసినది కూడా పైకి వింతగా కనిపించినా, గుడ్డ మీద ఇనుము ఏం చేస్తుందనే ప్రశ్నే. ఆ ప్రశ్న శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు కొత్త కాదు. వారి నల్లరంగు, ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసే ద్రవమే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది తగిలిన చోట నల్లబడుతుంది.

భారతదేశంలో డిజైన్ చదువుకు పునాది 1961లో అహ్మదాబాదులో ఏర్పడిన జాతీయ డిజైన్ సంస్థ. ఫ్యాషన్‌కే ప్రత్యేకించిన జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, అందరూ పిలిచే పేరుతో నిఫ్ట్, 1986లో ఢిల్లీలో మొదలైంది. 1995లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 2006లో పార్లమెంటు చట్టంతో సొంతంగా డిగ్రీలిచ్చే అధికారం దక్కింది. చదువులో భాగంగా విద్యార్థులు చేతివృత్తుల ఊళ్లకు వెళ్లి కొంతకాలం ఉండి రావడం ఇక్కడి ఏర్పాటు. అందువల్ల మన విద్యార్థుల కలెక్షన్‌లలో చేనేత తరచు కనిపిస్తుంది. తరచు దెబ్బతినేదీ అదే. కారణం ముందు ముందు తెలుస్తుంది.

గుడ్డ స్వభావం

గుడ్డ బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కొలుస్తారు. బజారులో దీన్ని జీఎస్ఎం అంటారు. నూలు వాయిల్ 60 నుంచి 80 మధ్య, చొక్కాల పాప్లిన్ 100 నుంచి 130 మధ్య తూగుతాయి. 14 ఔన్సుల డెనిమ్ అంటే దాదాపు 475. అయితే బరువు ఒకటైనంత మాత్రాన గుడ్డ ఒంటి మీద ఒకేలా వాలదు. ఆర్గంజా, జార్జెట్ రెండూ తేలికే. ఆర్గంజా బిర్రుగా నిలబడుతుంది, జార్జెట్ జారిపోతుంది. పట్టు దారానికి సహజంగా ఉండే జిగురును తీసేయకుండా నేయడం వల్ల మొదటిదానికి ఆ బిర్రు వస్తుంది. దారానికి గట్టిగా పురి పెట్టడం వల్ల రెండోదానికి ఆ జారుడు గుణం. పెద్ద బుట్టచేతులు గీసుకుని జార్జెట్ కొన్న విద్యార్థి చివరికి లోపల నెట్ పొరలు కుక్కాల్సివస్తుంది. దుకాణంలోనే ఒక మీటరు గుడ్డను మూల పట్టుకుని వేలాడదీసి, తర్వాత భుజం మీద వేసుకుని అద్దంలో చూస్తే సగం సంగతి అక్కడే తేలుతుంది.

గంజి పెట్టిన గుడ్డ దుకాణంలో మోసం చేస్తుంది. కొన్న అర మీటరు ముక్కను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, రెండు వరసలు కుట్టి చూశాకే అసలు కొనుగోలుకు వెళ్లాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో మూడు నుంచి ఐదు శాతం ముడుచుకోవడం మామూలే. 40 అంగుళాల పొడవున్న అంగీలో ఐదు శాతమంటే రెండు అంగుళాలు. మోకాలి కిందికని కుట్టినది మోకాలి మీదికి వస్తుంది.

ఏ పోగుతో నేసినదో తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడటం పాత పద్ధతి. నూలు కాగితం కాలిన వాసన, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కలనేతల్లో ఈ పరీక్ష తికమక పెడుతుంది.

దిశ సంగతి దర్జీలకు తెలిసినంతగా డిజైనర్లకు తెలియదు. పడుగు వెంబడి గుడ్డ దాదాపు సాగదు, పేక వెంబడి కాస్త ఇస్తుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. ఐమూల కత్తిరింపును 1920లలో పారిస్‌లో మాదలీన్ వియొనే ఒక శాస్త్రంగా మార్చింది. చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ చుట్టి చూసి, అది తేలాకే పెద్ద కొలతకు వెళ్లేది. ఐమూలగా కత్తిరించిన గౌనును ఒక రోజంతా వేలాడదీసి, సాగాల్సినంత సాగాక అంచు సమం చేయాలి. ప్రదర్శనకు ముందురాత్రి కుట్టిన ఐమూల గౌను మర్నాడు వేదిక మీద వంకరగా వేలాడటానికి కారణం ఈ ఒక్క రోజు దక్కకపోవడమే.

ఇక పన్నా. మిల్లు గుడ్డలు ఎక్కువగా 44 లేక 58 అంగుళాల పన్నాలో వస్తాయి. మగ్గం గుడ్డ చాలా చోట్ల 48 దాటదు. 28 అంగుళాల నడుము, 24 అంగుళాల పొడవుతో పూర్తి గుండ్రటి స్కర్ట్ కావాలనుకుంటే వలయం అడ్డుకొలత 57 అంగుళాలు అవుతుంది. 58 పన్నాలో అది బొటాబొటిగా ఒకే ముక్కగా వస్తుంది. చేనేతలో రాదు, అతుకు వేయాల్సిందే. అతుకు ఎక్కడ పడుతుందో ముందే నిర్ణయించి దాన్ని డిజైన్‌లో భాగం చేసుకున్నవారు గట్టెక్కుతారు.

చేనేతను కత్తిరించడం

మన చేనేతలో ఎక్కువభాగం చీరగానో పంచెగానో పుట్టింది. కత్తెర పడుతుందని నేతగాడు అనుకుని నేసినది కాదు. అంచు, ఒడలు, కొంగు అన్నీ ఒక శరీరం చుట్టూ చుట్టుకునే లెక్కతో ఉంటాయి. దాన్ని విడదీసి కుట్టే ముందు ఆ లెక్క అర్థం కావాలి.

మొదటి చిక్కు అంచుతోనే. నేసిన అంచు నిటారుగా ఉంటుంది, వంపు తిరగదు. కింద ఘేరా రావడానికి కలీలుగా, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలుగా, కత్తిరించిన లంగాలో అంచును కిందికి పెడితే ప్రతి కలీ కుట్టు దగ్గరా కోణం విరుగుతుంది. కలీలు మాని, నిలువు ముక్కకు నడుము దగ్గర కుచ్చిళ్లు పోస్తే అంచు చెక్కుచెదరదు. మన పరికిణీలు తరతరాలుగా చేస్తున్నది ఇదే. కుచ్చిళ్ల లావు వద్దనుకుంటే అంచును విడిగా కోసి వేరే చోట, గుండీల పట్టీగానో చేతి మణికట్టు దగ్గరో వాడుకోవచ్చు.

పోచంపల్లి ఇక్కత్‌లో చిక్కు వేరు. నేయడానికి ముందే పోగుల మీద ముడులు కట్టి రంగులద్దుతారు. అందుకే బొమ్మ అంచులు కాస్త చెదిరి కనిపిస్తాయి, గుడ్డకు రెండు వైపులా దాదాపు ఒకే నమూనా ఉంటుంది. వెనుకవైపు తెల్లగా వెలిసినట్టుంటే అది ముద్రించిన నకలు. బొమ్మ తొమ్మిది అంగుళాలకోసారి తిరిగి వస్తుందనుకుందాం. ముందు రెండు పలకలు, వెనుక భాగం, చేతులు అన్నీ కుట్టు దగ్గర కలవాలంటే ఒక్కో ముక్కను తొమ్మిది అంగుళాల దాకా జరపాల్సి రావచ్చు. మామూలు గుడ్డలో రెండున్నర మీటర్లు పట్టే చొక్కాకు మూడున్నర పట్టడం వింత కాదు. ఏనుగులు, చిలుకల వంటి బొమ్మలుంటే ముక్కలను తలకిందులుగా ఇరికించి గుడ్డ ఆదా చేసే వీలూ పోతుంది. ఈ లెక్క వేసుకోకుండా కొన్నవారికి చివర్లో చేతులకు గుడ్డ మిగలదు. మళ్లీ అదే నమూనా అదే రంగులో దొరకడం దాదాపు అసాధ్యం.

ఇక్కత్‌లో ముడులకు ముందు పేక దారాన్ని గూటాల చుట్టూ చెయ్యి ఊపుతూ పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఊగాలి. తల్లి పడే ఈ బాధ చూసి చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కత్తెర పట్టుకున్న విద్యార్థి తన ముందున్న మీటరు గుడ్డలో ఎంత పని దాగుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క దశ చాలు.

పుట్టపాక తేలియా రుమాల్ మరింత మొండిది. నూనెతో, ఆముదపు కాయల బూడిదతో పోగులను మాగబెట్టి, పడుగూ పేకా రెంటికీ ముడులు కట్టి నేస్తారు. అసలు రూపం చతురస్రం. దాన్ని చంకల వంపులుగా, మెడ వంపులుగా కోస్తే మిగిలేది గందరగోళం. చతురస్రాన్ని చతురస్రంగానే ఉంచి, అంగీ పలకగానో పైన కప్పుకునే వస్త్రంగానో వాడటం మేలు.

కుట్టుకు అన్నిటికంటే లొంగేది మంగళగిరి నూలు. గుంట మగ్గం మీద చిక్కగా నేసిన సాదా ఒడలు, పక్కన జరీ అంచు. ఒడలులో బొమ్మలుండవు కాబట్టి కలిపే బాధ లేదు. చొక్కాలు, కోట్లు, ప్యాంట్లు అన్నిటికీ నిలుస్తుంది. మొదటి కలెక్షన్‌కు చేనేత కావాలనే విద్యార్థికి ఇంతకంటే మంచి సలహా ఉండదు. వెంకటగిరి సన్నం, లోపల లైనింగ్ తప్పదు. ఉప్పాడ జాందానీలో బొమ్మలను అదనపు పేక పోగులతో చేత్తో నేస్తారు కాబట్టి బొమ్మ మధ్యగా కత్తెర పోతే ఆ పోగులు ఊడివస్తాయి. గద్వాలలో నూలు ఒడలికి పట్టు అంచును మగ్గం మీదే ముడివేస్తారు. ఉతికితే నూలు ఒక తీరుగా, పట్టు ఒక తీరుగా ముడుచుకుని ఆ కలయిక దగ్గర గుడ్డ ఉబ్బుతుంది. పొందూరు ఖాదీలో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడుకుతారు. పోగులో సన్నమూ లావూ సహజం, దాన్ని లోపంగా చూడకూడదు.

కలంకారీ విషయంలో క్రమం తలకిందులు చేస్తే ఫలితం గొప్పగా ఉంటుంది. బొమ్మలున్న గుడ్డ కొని కోయడం కాకుండా, ముందు అంగీ ముక్కల గీతలను గుడ్డ మీద గీసి కళాకారుడికి ఇస్తే, చెట్టు కొమ్మ సరిగ్గా భుజం మీదుగా తిరిగేలా, నెమలి వీపు మధ్యలో పడేలా ఆయన వేస్తాడు. ఒక్క జాగ్రత్త. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి, రంగు రంగుకూ మధ్య ఉతుకుతారు. కొత్త గుడ్డ మీద ముక్కలు గీస్తే అవి పనిలోనే ముడుచుకుపోతాయి. బాగా ఉతికి ముడుచుకున్న గుడ్డ మీదే గీయాలి, రంగులన్నీ పూర్తయ్యాకే కత్తెర వేయాలి.

కొనుగోలు

కృత్రిమ పోగుల గుడ్డకు సూరత్, నూలుకు అహ్మదాబాద్, అల్లిక గుడ్డకు తిరుప్పూర్ దేశంలో ప్రధాన కేంద్రాలు. తెలంగాణలో మరనేతకు సిరిసిల్ల పేరుపొందింది. సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత వంటి చోట్ల ఈ సరుకంతా కాస్త కాస్త దొరుకుతుంది. ఎక్కడ కొన్నా, ఒక లుక్‌కు కావలసినదంతా ఒకే తానులోంచి కోయించుకోవాలి. రంగు పేరు ఒకటే అయినా తాను మారితే ఛాయ మారుతుంది, వేదిక దీపాల కింద ఆ తేడా దాగదు. లెక్కకు పైన పది శాతం అదనంగా తీసుకోవడంలో పిసినారితనం చూపకూడదు.

ఎగుమతుల్లో మిగిలిపోయిన గుడ్డ చవకగా దొరుకుతుంది, వృథానూ తగ్గిస్తుంది. బ్రిటన్‌లో బర్బెరీ సంస్థ 2020 నుంచి తన మిగులు గుడ్డను ఫ్యాషన్ కళాశాలలకు ఇస్తోంది. మిగులు గుడ్డకు ఉన్న ఇబ్బంది ఒకటే: చాలకపోతే మళ్లీ దొరకదు.

మగ్గం మీద ప్రత్యేకంగా నేయించుకోవాలంటే నెలల ముందే చెప్పాలి. పడుగు వేశాక ఒకటి రెండు మీటర్లతో ఆపడం నేతగాడికి గిట్టదు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి ఒకే పడుగు వేయించుకుని, పేక రంగు మాత్రం ఎవరిది వారు మార్చుకోవడం తెలివైన దారి.

మస్లిన్ నుంచి చివరి ఇస్త్రీ దాకా

అసలు గుడ్డ కోసే ముందు చవక కోరా గుడ్డతో ఒక నమూనా కుట్టి ఒంటి మీద వేసి చూస్తారు. కళాశాలల్లో దీన్ని మస్లిన్ అంటారు. నమూనా గుడ్డ బరువు అసలు గుడ్డకు దగ్గరగా ఉండాలి, అల్లిక గుడ్డకు అల్లిక గుడ్డతోనే నమూనా కుట్టాలి. చంక దగ్గర పట్టేయడం, మెడ వెనుక ఉబ్బడం, వంగితే వీపు బిగియడం ఇక్కడే తేలతాయి. సరిచేసిన మస్లిన్‌ను విప్పి, ఆ ముక్కలనే కాగితం మీదికి ఎక్కిస్తారు.

కొలతల పట్టికల విషయంలో భారతీయ విద్యార్థి చాలాకాలంగా బ్రిటిష్, అమెరికన్ పట్టికలనే సరిపెట్టుకుంటున్నాడు. ఈ కొరత తీర్చడానికి నిఫ్ట్ ‘ఇండియాసైజ్’ పేరుతో హైదరాబాదు సహా ఆరు నగరాల్లో 25 వేలమందిని త్రీడీ స్కానర్లతో కొలిచే సర్వే తలపెట్టింది. డమ్మీ మీద కుదిరినది మోడల్ ఒంటి మీద కుదరకపోవడం నిత్యం జరిగేదే. మోడల్ ఎవరో చివరి వారంలో తేలే ప్రదర్శనలకు పక్క కుట్టుల్లో అంగుళం గుడ్డ వదిలే మన దర్జీల పద్ధతి, పరిశ్రమల్లో వాడే ఒక సెంటీమీటరు కంటే ఎంతో మేలు.

సూది గుడ్డను బట్టి మారాలి. సన్నని పట్టుకు, వాయిల్‌కు 11 నంబరు, మామూలు నూలుకు 14, డెనిమ్‌కు 16. అల్లిక గుడ్డకు మొన గుండ్రంగా ఉండే సూది కావాలి, లేకపోతే కళ్లు తెగుతాయి. పలుచగా నేసిన చేనేత కోసిన అంచు దగ్గర పోగులు ఊడుతుంది. ఓవర్‌లాక్ కొడితే సరిపోతుందనుకుంటారు కానీ పారదర్శకమైన గుడ్డలో ఆ దారాలు పైకి కనిపించి చవకగా ఉంటుంది. ముందు తిరగేసి సన్నగా కుట్టి, ఆ అంచును లోపల బంధిస్తూ మళ్లీ కుట్టే ఫ్రెంచ్ సీమ్ అక్కడ సరైనది. కాలరుకు, గుండీల పట్టీకి లోపల అంటించే ఫ్యూజింగ్‌ను ముందు చిన్న ముక్క మీద అంటించి చూడాలి. చేనేత మీద అది బుడగలెత్తుతుంది, లేదా గుడ్డకున్న మెత్తదనాన్ని అట్టముక్కగా మార్చేస్తుంది. అలాంటి చోట సన్నని నూలు గుడ్డనే లోపల పొరగా కుట్టడం పాత, నమ్మకమైన పద్ధతి.

ప్రతి కుట్టునూ కుట్టిన వెంటనే ఇస్త్రీ చేయాలి. అంతా అయ్యాక ఒకేసారి చేస్తే లోపలి కుట్లు ఎప్పటికీ చదునుగా పడవు. తీరిక లేదని ఇదే ముందుగా వదిలేస్తారు. విద్యార్థి పనికీ వృత్తి దర్జీ పనికీ తేడా దూరం నుంచే కనిపించేది ఇక్కడే. జిప్పులు, బొత్తాలు, హుక్కులు చివరి రోజు కొనే వస్తువులు కావు. వాటి బరువు గుడ్డను లాగుతుంది.

కత్తిరింపులో దుస్తుల గుడ్డ సుమారు 15 శాతం ముక్కలుగా వృథా అవుతుందని పరిశ్రమ అంచనా. చీర, పంచెలు ఒక్క ముక్కా పారేయని దుస్తులు. ఆ సూత్రాన్ని కుట్టిన దుస్తులకు తెచ్చే ‘వృథారహిత’ కత్తిరింపు నేడు విద్యార్థి కలెక్షన్‌లలో ఇష్టమైన విషయమైంది. ఇందులో గుడ్డ పన్నాయే డిజైన్‌ను నిర్ణయిస్తుంది. కనుక చేనేతకు ఇది సహజంగా కలిసివస్తుంది.

పనిచేసిన చేతులు

కలెక్షన్ మీద ఒక్క విద్యార్థి పేరే ఉంటుంది. వాస్తవంలో నేతగాడు, అద్దకం పనివాడు, కటింగ్ మాస్టర్, మగ్గం వర్క్ చేసే కారిగర్ అందులో ఉంటారు. నరసాపురం లేసును కాలర్లకు, అంచులకు వాడుకునే విద్యార్థులు 1982లో వచ్చిన మరియా మీస్ పుస్తకం ‘నరసాపురం లేసు అల్లేవాళ్లు’ చదివితే మంచిది. ఇంట్లో తీరికవేళ అల్లుతున్నారనే మాట చాటున ఆ స్త్రీల పనిని పనిగా లెక్కించని వ్యవహారాన్ని అది విడమరిచింది. ప్రదర్శన పత్రంలో నేతగాడి పేరు, ఊరి పేరు వేయడం ఇప్పుడు కొన్నిచోట్ల కనిపిస్తోంది. ముద్రించిన నకలుకు పోచంపల్లి పేరు పెట్టడం మాత్రం చట్టరీత్యా కూడా తప్పే, ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది.

ప్రదర్శన అయ్యాక దుస్తుల్లో ఎక్కువభాగం పెట్టెల్లోకి చేరుతుంది. జరీ ఉన్నవాటిని ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చాలి. లేకపోతే మడత మీదే జరీ విరుగుతుంది. ప్రతి దుస్తుకూ వాడిన గుడ్డ ముక్క, కాగితపు నమూనా, కొన్న చోటు, పట్టిన మీటర్లు, ఖర్చు రాసి ఒక ఫైలులో ఉంచితే, ఎవరైనా ఆర్డరిచ్చినప్పుడు రెండోది కుట్టడం సాధ్యమవుతుంది.